పాత ఇల్లు, సీసపు గొట్టం

మన సంఘ సభ్యులలో ఈమధ్య సొంత ఇళ్ళు కొన్నవారు చాలామంది ఉన్నారు. అందులో పాత ఇళ్ళే ఎక్కువ. కొనేటప్పుడు కప్పు చూస్తాం, గోడలకు చెమ్మ ఉందేమో చూస్తాం, బడి ఎంత దూరమో అడుగుతాం. వంటింటి సింకు కింద వంగి నీళ్ళగొట్టం చూసేవారు అరుదు. ఇంట్లో పసిపిల్లలున్నవారు ముందు చూడవలసింది అదేనని డాక్టరుగా నా మనవి.

బ్రిటన్‌లో 1970కి ముందు కట్టిన ఇళ్ళలో వీధి నుంచి లోపలికి వచ్చే గొట్టం సీసానిది కావచ్చు. సీసం సులువుగా వంగుతుంది, ఇనుములా తుప్పు పట్టదు. అందుకే రోమనుల కాలం నుంచి దాన్ని వాడారు. ప్లంబర్ అనే మాట కూడా సీసానికి లాటిన్ పేరైన ప్లంబం నుంచి పుట్టిందే. గుర్తుపట్టడం కష్టం కాదు. మసక బూడిద రంగు గొట్టాన్ని నాణెంతో కొద్దిగా గీకండి. మెత్తగా గీసుకుపోయి వెండిలా మెరిస్తే సీసం. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. రాగిని దాని రంగే చెబుతుంది.

నీళ్ళలో కలిసిన సీసానికి రంగు లేదు, రుచి లేదు. పెద్దల కంటే పసిపిల్లల శరీరం దానిని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఎదిగే మెదడు దెబ్బతిని తెలివి, ఏకాగ్రత తగ్గుతాయి. రక్తంలో ఇనుము తక్కువైన పిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ. తల్లి ఎముకలలో చేరిన సీసం గర్భంతో ఉన్నప్పుడు కరిగి బిడ్డను చేరుతుంది. ఇక్కడి చట్టం 2013 చివరి నుంచి లీటరుకు 10 మైక్రోగ్రాములను పరిమితిగా పెట్టింది. కాని ఇంతవరకు ఫరవాలేదని చెప్పగల మోతాదు ఏదీ లేదు.

నీళ్ళు మంచివైతే చాలదు. గ్లాస్గో నగరానికి 1859 నుంచి కాట్రిన్ సరస్సు నీళ్ళు వస్తున్నాయి. అవి స్వచ్ఛమైన మెత్తని నీళ్ళు. ఆ మెత్తదనమే సీసపు గొట్టాలను కరిగించింది. 1978లో సున్నం, 1989లో ఫాస్ఫేటు కలపడం మొదలుపెట్టాక సీసం బాగా తగ్గింది. ఫాస్ఫేటు గొట్టం లోపల పూతలా నిలుస్తుంది. అయితే పూత ఉన్నా గొట్టం సీసపుదే.

మేము కొన్న ఇల్లు మొదటి ప్రపంచ యుద్ధానికి ముందుది. అప్పుడు మా పాపకు ఐదు నెలలు. ‘లోపలివి రాగివి వేస్తాను, భూమిలో ఉన్నదాని జోలికి పోవద్దు’ అన్నాడు వచ్చిన ప్లంబరు. ఖర్చు తగ్గుతుంది కనుక ఆశ పుడుతుంది. కాని సగం మార్పు ఒక్కొక్కసారి అసలు మార్చకపోవడం కంటే చెరుపు చేస్తుంది. కోతకు లోపలి పూత కదిలి రేణువులు నీళ్ళలో పడతాయి. రాగి, సీసం నేరుగా కలిసినచోట బ్యాటరీలో మాదిరిగా సీసం త్వరగా కరుగుతుంది. కొత్త కార్పెట్లు మానుకొని గేటు దాకా తవ్వించాం.

మార్చదలచినవారు గమనించవలసినవి:

1. ముందు నీటి కంపెనీని పరీక్ష అడగండి. సాధారణంగా డబ్బు తీసుకోరు.

2. ఇంటి హద్దు లోపలి గొట్టం మనది, బయటిది కంపెనీది. మన భాగం మార్చి, వారి భాగం మార్చమని రాతపూర్వకంగా అడగాలి.

3. భూమిలో ఇప్పుడు నీలం ప్లాస్టిక్ గొట్టం వేస్తారు. ఇంటి లోపల రాగి.

4. రాగి అతుకులకు సీసం లేని టంకమే వాడించండి. తాగునీటి గొట్టాలకు సీసపు టంకం 1987 నుంచి నిషేధం. హీటింగు పనికోసం అది ఇంకా దొరుకుతుంది కనుక అడిగి చూసుకోవాలి.

5. పాత ఇళ్ళలో కరెంటు ఎర్తు నీళ్ళగొట్టానికి కలిపి ఉండవచ్చు. ఎలక్ట్రీషియను చూడకుండా గొట్టం తీయించవద్దు.

మార్చేదాకా, రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్ళను ఉదయం ఒక బేసిన్ నిండా వదిలేయండి. మొక్కలకు పనికివస్తాయి. గొట్టం పొడవైతే ఇంకా వదలాలి. అన్నం త్వరగా ఉడుకుతుందని వేడి కుళాయి నీళ్ళతో ఎసరు పెట్టవద్దు. వేడినీళ్ళు సీసాన్ని ఎక్కువ కరిగిస్తాయి. కాచినందువల్ల సీసం పోదు, ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. పసిపిల్లల పాలపొడి కలిపేవారు ఇది మరవకూడదు.

రాగికీ కొన్ని నియమాలున్నాయి. కళాయి లేని గిన్నెలో మనవాళ్ళు చింతపండు పులుసు కాచరు, పులుపుకు రాగి కరుగుతుంది కనుక. గొట్టంలోనూ అంతే. సొంత బావి నీళ్ళలో ఆమ్లగుణం ఉంటే బేసిన్‌లో నీలి ఆకుపచ్చ మరక పడుతుంది. అలాంటివారు పరీక్ష చేయించాలి. రాగికి ఇక్కడి పరిమితి లీటరుకు 2 మిల్లీగ్రాములు. గొట్టం కొత్తగా ఉన్న వారాలలో నిలవ నీళ్ళు వదిలి వాడితే మంచిది.

వంటింటికి కొత్త అలమరలు రెండేళ్ళు ఆగి వేయించుకోవచ్చు. బిడ్డ మెదడు ఎదిగే ఆ రెండేళ్ళు మళ్ళీ రావు. తమ ఇంట్లో ఉన్నది ఏ గొట్టమో తేల్చుకోలేనివారు వచ్చే సమావేశంలో నన్ను కలిస్తే, నాకు తెలిసినంతవరకు చెప్పగలను.