కారుకూ కీళ్ళుంటాయి!

మనిషికి నలభై దాటితేగాని కీళ్ళున్న సంగతి తెలియదంటారు. కారుకు అన్నేళ్ళు అక్కరలేదు. మా జిల్లాలో రోజూ తిరిగే కారుకయితే ఆ జ్ఞానోదయం మరీ త్వరగా అవుతుంది.

నేను నిజామాబాదులో కాపురం వుంటూ బోధనులో పాఠాలు చెబుతాను. జానకంపేట, ఎడపల్లి మీదుగా పోనూ రానూ రోజుకు సుమారు యాభై కిలోమీటర్లు. 1931లో మంజీర మీద నిజాంసాగరు పూర్తయింది. నీటి వెంట చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో బోధనుకు నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. గానుగ కాలంలో బారులు తీరిన చెరకు బండ్లు ఇప్పుడు లేవుగాని, దారికి మాత్రం విశ్రాంతి దొరకలేదు. చెరకు పోయినచోట వరి వచ్చింది. నాట్ల కాలంలో ఇనుప చక్రాల ట్రాక్టర్లు రోడ్డెక్కి తారును గాట్లు పెడతాయి. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. చీకటి పడ్డాక ఆ రాయి కంటబడేసరికి బండిని చటుక్కున పక్కకు తిప్పవలసిందే. ముందు చక్రాలు మన చేతిలో వున్నవి గనుక మాట వింటాయి. వెనుక చక్రాలు వినకపోతే?

నా కారులో రోజూ ముగ్గురు సహోద్యోగులు వస్తారు. ముగ్గురి ఇళ్ళలోనూ సాయంత్రం వేళ గుమ్మంలోకి తొంగిచూచే పిల్లలున్నారు. అందుచేత యీ ప్రశ్న నాకు వట్టి యంత్రశాస్త్రపు ప్రశ్నగా తోచదు.

చేతులెందుకు?

ఎద్దుబండికి ఇరుసును నేరుగా బండికే బిగిస్తారు. గుంత ఎంత లోతో నడుమే చెబుతుంది. తరువాత కమాను కట్టలు వచ్చాయి. 1958 నుంచి 2014 దాకా మన దేశంలో తయారైన అంబాసిడర్ కారు వెనుక భాగంలో వుండేవి ఇవే. ఆ ఉక్కు పట్టీలు రెండు పనులు చేసేవి: బరువు మోసేవి, ఇరుసును దాని స్థానంలో నిలిపి వుంచేవి.

ఆ పైన చుట్ట స్ప్రింగులు వచ్చాయి. వీటివల్ల ప్రయాణం మెత్తబడింది. అయితే చుట్ట స్ప్రింగుకు బరువు మోయటమే తెలుసు. ఇరుసును పట్టుకోవటం చాతగాదు. అలా వదిలేస్తే ఇరుసు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. అందుకని దానిని పట్టుకోవటానికి ఉక్కు చేతులు అమర్చారు. కంట్రోల్ ఆర్మ్‌లంటే ఇవే. 2005లో మన దేశంలోకి వచ్చిన ఇన్నోవా వంటి బండ్లలో వెనుక ఇరుసుకు ఇలాంటి చేతులు నాలుగు, అది అడ్డంగా జరగకుండా ఒక కడ్డీ వుంటాయి. నాలుగు చేతులు, ఒక కడ్డీ, ఒక్కొక్కదానికి రెండు చివర్లు. వెరసి పది కీళ్ళు. స్విఫ్ట్ వంటి చిన్న కార్లలో విడివిడి చేతులుండవు. వెనుక ఒకే దూలం, దానికి ముందు వైపున రెండు కీళ్ళు వుంటాయి. కనుక చిన్న కారు గలవారు వెనుక చేతుల కోసం దుకాణాలు తిరగనక్కరలేదు.

కీలు అంటే మన మెకానిక్కులు బుష్ అనే వస్తువు. లోపల ఒక ఉక్కు గొట్టం, వెలుపల మరొకటి, నడుమ అంటించిన రబ్బరు. చెయ్యి పైకీ కిందికీ ఆడినప్పుడల్లా ఆ రబ్బరు మెలిపడి మళ్ళీ విప్పుకుంటుంది. ఇది తలుపు బందులాగా రాచుకుని తిరిగేది కాదు. దీనికి నూనె రాయటమంటే రబ్బరును చేజేతులా పాడుచేయటమే.

ఎర్ర చేతులా, పాత చేతులా?

గతుకు ఎక్కినప్పుడు మా బండి వెనుక నుంచి "టక్" మనే చప్పుడు మొదలయింది. టైర్లు ఒక పక్కనే అరగసాగినవి. మలుపులో బండి తోక వూపినట్లుండేది. మా ఇంటావిడ "వెనక సీట్లో కూచుంటే జోలెలో వేసి వూపినట్టుందండీ" అంది. ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు ఫోనులో తళతళలాడే ఎర్రని చేతులు చూపించి, "మామా, ఇవి వేయిద్దాం. లావుపాటి ఉక్కు, పాలీయురేథేన్ బుష్‌లు. పందెం కార్లకు ఇవే వేస్తరు" అన్నాడు.

మా మిస్త్రీ బండి కింద పడుకుని, చిన్న గునపంతో ఒక్కొక్క కీలునూ పొడిచి చూచి బయటికి వచ్చాడు. "సార్, చేతులు వంగలే, తుప్పు పట్టలే. రబ్బర్లు పగిలినయి. మోకాలు నొస్తే కాలు మారుస్తమా?" అన్నాడు.

ఇంతకన్న చక్కని ఉపమానం నేను క్లాసులో గూడ చెప్పలేను. ఆ ఎర్ర చేతులు పనికిరానివని కాదు. బండి ఎత్తును పెంచినవారికి, తగ్గించినవారికి ఇరుసు తన అసలు కోణం తప్పుతుంది. పొడవు మార్చుకునే చేతులతో దానిని సరిచేయవచ్చు. పందెంలో క్షణంలో వెయ్యోవంతుకు గూడ విలువ వుంటుంది. కాని రోజువారీ బండి సంగతి వేరు. మలుపులో బండి ఒరిగినప్పుడు నాలుగు చేతులూ నాలుగు వేర్వేరు వంపుల్లో కదులుతాయి. రబ్బరు కాస్త ఒదిగితేనే అవి ఒకదానితో ఒకటి పెనుగులాడకుండా వుంటాయి. ఆ మెత్తదనం లోపం కాదు, కావాలని పెట్టినది. కీలు మరీ గట్టిదయితే చేతులు బిగుసుకుంటాయి. రోడ్డు చప్పుడంతా కారులోకి వస్తుంది. ఇక గోళపు కీళ్ళంటారా, మన పొలాల బురదా దుమ్మూ చేరితే అవి త్వరగా అరిగిపోతాయి.

బిగించటంలో వుంది అసలు కిటుకు

అందుచేత చేతులు వుంచి, కంపెనీ కొలతల ప్రకారం మంచి రబ్బరు బుష్‌లు పదీ మార్పించాము. నిజానికి ఇది రెండవ మారు. అంతకు ముందు పట్టణంలో ఒకచోట వేయిస్తే కొద్ది నెలలకే చీలిపోయాయి. రబ్బరు నకిలీదేమో అనుకున్నాము. కాదు. బండిని జాకీల మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులు బిగించారు. అప్పుడు రబ్బరు ఆ వేలాడే భంగిమకే అలవాటు పడుతుంది. బండి నేల మీదికి దిగి బరువు పడగానే, సగం పిండిన బట్టలాగా రాత్రింబవళ్ళు మెలిపడే వుంటుంది. ఇక ఎన్నాళ్ళు మన్నుతుంది?

ఈసారి మా మిస్త్రీ బోల్టులను వదులుగా ఎక్కించి, బండిని చక్రాల మీద నిలబెట్టి, ఆ బరువులోనే కొలత గల టార్క్ రెంచితో బిగించాడు. తరువాత నాలుగు చక్రాల అలైన్‌మెంటు చూపించి, వెనుక ఇరుసు సూటిగా వుందని నిర్ధారణ చేసుకున్నాము. చప్పుడు పోయింది. మొన్న ఎడపల్లి దాటాక వడ్ల రాశి ఎదురైతే, ముందు చక్రాలు పోయిన దారినే వెనుక చక్రాలు బుద్ధిగా వచ్చాయి. వెనుక సీట్లోని లెక్కల మాస్టారు కునుకు గూడ చెడలేదు.

మీ బండి వెనుక "టక్" మంటున్నదా? ముందు కీళ్ళు చూపించండి. చేతులు వంగినా, తుప్పు తిన్నా అప్పుడు మార్చండి. ఏది మార్చినా సరే, ఆఖరు బిగింపు బండి నేల మీద నిలిచాకనే జరగాలని పక్కన నిలబడి చెప్పండి. ఆ మాటకు మెకానిక్కు "అట్లనే సార్" అంటే సరి. ముఖం చిట్లిస్తే మరో మెకానిక్కును చూచుకోండి.