కెమేరా కంటికి నీడ

ఎండలో దూరముగా వచ్చుచున్న మనుష్యుని గుర్తింపవలసి వచ్చినప్పుడు ఎవరైనను అరచేతిని కనుబొమలపై అడ్డముగా నుంచుకొని చూతురు. చేయి అడ్డముంచుటచే ఆ మనుష్యుడు దగ్గరకు రాడు. అతనిపై పడు వెలుగు హెచ్చదు. ఐనను అతని రూపము మునుపటికంటె స్పష్టమగును. దీనికి కారణమేమి? చూడదలచిన వస్తువునుండి వచ్చు వెలుగు కంటికి మేలు చేయును. పైనుండియు, ప్రక్కలనుండియు వచ్చి కంటిలో పడు వెలుగు చూపును చెదరగొట్టును. అరచేయి ఈ రెండవ వెలుగును ఆపి, మొదటి వెలుగునకు దారి విడుచుచున్నది.

కెమేరాకును కన్ను కలదు. అది గాజుతో చేసిన కటకము. దానికిని ఇట్టి నీడ కావలయును. అందులకై కటకపు మూతికి తగిలించు చిన్న గొట్టమును ఛాయాగ్రాహకులు హుడ్డు అందురు. దీనిని లోహముతోగాని, రబ్బరుతోగాని, ప్లాస్టిక్కుతోగాని చేయుదురు. చూచుటకు ఇది స్వల్పమైన వస్తువు. ఇందులో యంత్రమేదియు లేదు. కాని దీని పొడవు విషయమున పొరపాటు జరిగినచో, మంచి కెమేరాతో తీసిన పటము కూడ చెడిపోవును.

ప్రక్కవెలుగు చేయు హాని ఎట్టిదో మొదట తెలిసికొనవలెను. కటకమనగా ఒకే గాజుబిళ్ళ కాదు. కెమేరా కటకములలో పెక్కింట అనేకమైన గాజుబిళ్ళలు వరుసగా అమర్చబడి యుండును. పూత లేని గాజు తలమును వెలుగు తాకినప్పుడు 100 పాళ్ళలో సుమారు 4 పాళ్ళు వెనుకకు మరలును. విడివిడిగా అమర్చిన 6 బిళ్ళలు గల కటకములో 12 తలములుండును. వానినన్నిటిని దాటి నేరుగా అవతలకు చేరు వెలుగు సుమారు 61 పాళ్ళు మాత్రమే. తక్కినదానిలో కొంత భాగము బిళ్ళల నడుమ అటునిటు పరావర్తనము చెంది, దారి తప్పి, తుదకు ఫిల్ముపై గాని సెన్సరుపై గాని పడును. 1935లో జర్మనీదేశమున జైస్ సంస్థలో పనిచేయుచుండిన అలెగ్జాండర్ స్మకులా అను శాస్త్రజ్ఞుడు గాజుపై పలుచని పూతనిచ్చి ఈ పరావర్తనమును మిక్కిలి తగ్గించు విధానమును కనుగొనెను. నేటి పూతలు అంతకంటె మేలైనవి. ఐనను పరావర్తనము పూర్తిగా పోలేదు.

ఇట్లు దారి తప్పిన వెలుగు రెండు విధముల హాని చేయును. ఒక్కొక్కప్పుడు అది పటముపై గుండ్రని మచ్చలుగను, వెలుగు చారలుగను కన్పట్టును. ఇవి వెంటనే తెలియును. రెండవ హాని అంత సులభముగా తెలియదు. పటమంతటను పలుచని మంచుతెర కప్పినట్లగును. నలుపు నలుపుగా నుండక బూడిదరంగు దాల్చును. రంగులు వెలవెలబోవును. ముఖములోని ఛాయలు, చీర మడతలు, జుట్టులోని పోగులు ఒకదానితో నొకటి కలిసిపోవును. పటము తీసినవాడు తన కెమేరా మంచిది కాదని విచారించును. నిజమునకు లోపము కెమేరాలో లేదు. దాని కంటికి నీడ లేకపోవుటయే లోపము.

హుడ్డు లోపలితట్టున మెరపులేని నల్లరంగు పూయుదురు. ప్రక్కనుండి వచ్చిన వెలుగు దానికి తగిలి అచ్చటనే అణగిపోవును. ఐనచో హుడ్డు ఎంత పొడవుండవలెను? పొడవు హెచ్చినకొలది నీడ హెచ్చును గదా యని తోచవచ్చును. కాని ఇందొక చిక్కు కలదు. దానిని కాగితపు గొట్టముతో ఎవరైనను పరీక్షింపవచ్చును.

4 సెంటీమీటర్ల వెడల్పును, 20 సెంటీమీటర్ల పొడవును గల గొట్టమొకటి దళసరి కాగితముతో చుట్టవలెను. దాని నొక కొసను కంటికి ఆనించుకొని 3 మీటర్ల దూరముననున్న గోడను చూచినచో, గోడపై సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పుగల వృత్తము మాత్రమే కనబడును. వెడల్పు మార్చక పొడవును 40 సెంటీమీటర్లు చేసినచో ఆ వృత్తము 30 సెంటీమీటర్లకు తగ్గును. పొడవు 10 సెంటీమీటర్లైనచో 120 సెంటీమీటర్లకు పెరుగును. కావున గొట్టము పొడవు పెరిగినకొలది ప్రక్కవెలుగు తగ్గును. దానితోపాటు చూపు మేరయు తగ్గును. ఈ పరీక్ష చేయునప్పుడు సూర్యునివైపు మాత్రము ఎన్నడును చూడరాదు.

కెమేరా కటకములన్నిటికి చూపు మేర ఒక్కటి కాదు. అది కటకపు నాభ్యంతరముపై ఆధారపడి యుండును. నాభ్యంతరము తక్కువైన కటకము విశాలమైన ప్రదేశమును చూచును. నాభ్యంతరము ఎక్కువైన కటకము దూరపు వస్తువులలో కొద్ది భాగమును మాత్రము గైకొని పెద్దదిగా చూపును. మొదటిదానికి పొట్టి హుడ్డును, రెండవదానికి పొడుగు హుడ్డును కావలయును. ఎంత చెట్టుకు అంత గాలి యన్నట్లు, చూపునుబట్టియే గొట్టము.

ఈ పొడవును లెక్కతో కనుగొనవచ్చును. 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై ఏర్పడు పటము సాధారణముగా 36 మిల్లీమీటర్ల వెడల్పును, 24 మిల్లీమీటర్ల ఎత్తును కలిగియుండును. డిజిటల్ కెమేరాలలో కొన్నింటి సెన్సరు కొలతయు ఇదియే. పైథాగరసు సిద్ధాంతము ననుసరించి దీని కర్ణము సుమారు 43.3 మిల్లీమీటర్లు, అందు సగము 21.6. కటకపు నాభ్యంతరము 50 మిల్లీమీటర్లైనచో, పటపు మూలకు చేరవలసిన కిరణము కటకము వెలుపల 50 మిల్లీమీటర్ల దూరమునకు 21.6 మిల్లీమీటర్ల చొప్పున ప్రక్కకు తొలగియుండును. కటకపు ముందరి గాజు 40 మిల్లీమీటర్ల వెడల్పును, హుడ్డు మూతి 60 మిల్లీమీటర్ల వెడల్పును కలవనుకొనుడు. గాజు అంచునకును హుడ్డు అంచునకును నడుమ ప్రతి ప్రక్కను 10 మిల్లీమీటర్ల ఎడమున్నది. కిరణము 10 మిల్లీమీటర్లు తొలగుటకు పట్టు దూరమే హుడ్డు పొడవు. సరూప త్రిభుజములనుబట్టి 10ని 50చే గుణించి 21.6చే భాగించినచో 23 మిల్లీమీటర్లు వచ్చును.

ఇట్లే లెక్కించినచో 28 మిల్లీమీటర్ల కటకమునకు 13, 100 మిల్లీమీటర్ల కటకమునకు 46, 200 మిల్లీమీటర్ల కటకమునకు సుమారు 93 మిల్లీమీటర్లు వచ్చును. నాభ్యంతరము రెట్టింపైనచో పొడవును రెట్టింపగుచున్నది. సెన్సరు చిన్నదైనచో దాని కర్ణమును చిన్నదగును గనుక, అదే కటకమునకు మరికొంత పొడుగైన హుడ్డు తగిలింపవచ్చును. నిజమైన కటకములలో ముందరి గాజు వెడల్పులు వేరువేరుగా నుండును గాన, లెక్కతో వచ్చిన పొడవును పరీక్షించియే నిర్ణయింపవలెను.

ఈ లెక్క తప్పినచో ఏమగును? సంవత్సరాంతమున పాఠశాలలో తరగతి విద్యార్థులందరు కలిసి పటము దిగుదురు. స్థలము ఇరుకగుటచే ఛాయాగ్రాహకుడు విశాలమైన చూపుగల 28 మిల్లీమీటర్ల కటకమును తగిలించి, తొందరలో 100 మిల్లీమీటర్ల కటకమునకు చేసిన హుడ్డును దానికి బిగించె ననుకొనుడు. పటపు నాలుగు మూలలును నల్లబడును. పైవరుసలో ఇరుకొసల నిలిచిన బాలురును, క్రిందివరుసలో ఇరుకొసల కూర్చున్న బాలురును ఆ చీకటిలో కలిసిపోవుదురు. తరగతి ముగిసినపిమ్మట ఎవరి త్రోవ వారిది. మరల అందరిని ఒకచోట చేర్చుట సాధ్యము కాదు. నడుమనున్న వారికి అది మంచి పటమే. కొసలనున్నవారికి మాత్రము తాము లేని పటము.

హుడ్డు మరీ పొట్టిదైనచో మూలలు చెడవు గాని ప్రక్కవెలుగు లోపలికి వచ్చును. ఈ రెండు తప్పులలో మొదటిదానిని పటము తీయకమునుపే కనిపెట్టవచ్చును. దూరపు వస్తువునకు కటకమును సరిచేసి, తెల్లని గోడనుగాని సూర్యుడు లేనివైపు ఆకాశమునుగాని పటము తీసి నాలుగు మూలలను పరిశీలింపవలెను. కటకపు ద్వారమును పూర్తిగా తెరచి యొకసారియు, మిక్కిలి చిన్నది చేసి యొకసారియు తీయవలెను. ద్వారము పెద్దదిగా నున్నప్పుడు హుడ్డు నీడ మెల్లగా మసకబారినట్లుండి గుర్తింపరాకుండును. చిన్నదిగా నున్నప్పుడు అదే నీడ అంచు స్పష్టముగా కనబడును. మూలలు ఏమాత్రము నల్లబడని హుడ్డులలో మిక్కిలి పొడవైనదే ఆ కటకమునకు తగినది.

కొన్ని హుడ్డులు పూరేకులవలె కత్తిరింపబడి యుండును. ఇది అలంకారము కొరకు కాదు. పటము దీర్ఘచతురస్రము, కటకపు చూపు మూలలవైపు ఎక్కువ దూరము పోవును, పైకిని క్రిందికిని తక్కువ దూరము పోవును. అందుచే మూలలకెదురుగా హుడ్డును లోతుగా కత్తిరించి, పైన క్రింద పొడవైన రేకులను, ఇరుప్రక్కల పొట్టి రేకులను విడుతురు. ఇట్టి హుడ్డును వంకరగా బిగించినచో రేకులే మూలలకు అడ్డము వచ్చును. నాభ్యంతరమును మార్చుకొనగల జూమ్ కటకమునకు విశాలమైన చూపు ననుసరించియే హుడ్డు చేయవలసియున్నది. కావున ఆ కటకము దూరపు వస్తువులను చూచునప్పుడు హుడ్డు చాలినంత నీడనీయదు. అప్పుడు టోపీనో, అరచేతినో పటములో పడకుండ అడ్డముంచుట మంచిది.

హుడ్డు వానచినుకులనుండియు, చిన్నచిన్న దెబ్బలనుండియు కటకమును కొంతవరకు కాపాడును. ఐనను అది చేయలేని పనియు కలదు. సూర్యుడు పటములోనే ఉన్నచో ఎంత మంచి హుడ్డైనను ఆ వెలుగు నాపజాలదు. అప్పుడు నిలుచు చోటు మార్చుకొనవలెను, లేదా చెట్టుచాటునకో స్తంభపుచాటునకో సూర్యుడు వచ్చునట్లు చూచుకొనవలెను.

ఈ చిన్న సూత్రము ఆకాశమునందును పనిచేయుచున్నది. ఉపగ్రహములు తాము ఏ దిక్కునకు తిరిగియున్నవో తెలిసికొనుటకు నక్షత్రములను చూచు చిన్న కెమేరాలను ఉపయోగించును. శ్రీహరికోటనుండి నింగికెగసిన ఉపగ్రహములలో పెక్కింటికి ఇట్టివి కలవు. సూర్యకాంతి ఎదుట నక్షత్రపు వెలుగు ఎంత? ఆ కాంతి లోపల పడినచో నక్షత్రము కనబడదు, దిక్కు తెలియదు. అందుచే ఆ కెమేరాల ముందు నల్లని గొట్టములనమర్చి, లోపల వలయములవంటి అడ్డులను పెట్టుదురు. గొట్టము పొడవైనకొలది సూర్యునికి మరింత చేరువనున్న నక్షత్రములను చూడవచ్చును. కాని బరువు పెరుగును. అచ్చటను తగిన పొడవును లెక్కించియే నిర్ణయింతురు.

అక్కరలేని వెలుగును ఆపుట హుడ్డు పని. కాని కావలసిన వెలుగులో ఒక్క కిరణమునైనను అది అడ్డగింపరాదు. కొసన నిలిచిన బాలుని ముఖము కూడ పటములో నిలిచినప్పుడే ఆ నీడ తగిన నీడ యగును.