భూగర్భ ఉష్ణశక్తి: వేడి మేలు, నీటితో జాగ్రత్త

భూమి లోపలికి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతుంది. సాధారణంగా ప్రతి కిలోమీటరు లోతుకు ఈ పెరుగుదల 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. ఈ వేడికి ప్రధాన మూలాలు రెండు. భూగోళం ఏర్పడిన నాటి నుంచి మిగిలి ఉన్న వేడి మొదటిది. యురేనియం, థోరియం, పొటాషియంల రేడియోధార్మిక ఐసోటోపుల విఘటనం వల్ల నిరంతరం వెలువడే వేడి రెండవది. రాతి పగుళ్ల గుండా లోతుకు ఇంకిన వాననీరు ఈ వేడిని గ్రహించి తిరిగి పైకి వచ్చిన చోట ఉష్ణగుండాలు ఏర్పడతాయి.

ఇటలీలోని లార్డెరెల్లోలో 1904లో భూగర్భ ఆవిరితో తొలిసారి విద్యుద్దీపాలు వెలిగించారు. నాటి నుంచి ఈ శక్తి అనగానే విద్యుత్తే స్ఫురిస్తున్నది. అయితే వ్యవసాయ అవసరాలకు అంతటి వేడి అక్కరలేదు. హరితగృహాలను వెచ్చబరచడానికి 40 నుంచి 80 డిగ్రీల నీరు, కూరగాయలను ఆరబెట్టడానికి సుమారు 60 డిగ్రీల గాలి సరిపోతాయి. ఐస్‌లాండ్‌లో 1924 నుంచే హరితగృహాలను ఈ విధంగా వెచ్చబరుస్తున్నారు. కెన్యాలోని నైవాషా ప్రాంతంలో గులాబీ హరితగృహాలకు రాత్రివేళ ఈ వేడిని అందించి, గాలిలో తేమను తగ్గించి, శిలీంధ్ర తెగుళ్లను అరికడుతున్నారు.

వేడి మేలు చేసినంత మాత్రాన దానిని మోసుకొచ్చే నీరు కూడా మేలు చేస్తుందని భావించరాదు. లోతైన శిలల నుంచి బోరాన్, ఆర్సెనిక్, ఫ్లోరైడ్, లవణాలు ఆ నీటిలో కరిగి ఉండవచ్చు. బోరాన్ పైరుకు అవసరమైన సూక్ష్మపోషకమే అయినా, సాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే నిమ్మజాతి వంటి సున్నిత పంటలకు హాని కలుగుతుంది. టర్కీలో 1984లో ప్రారంభమైన కిజిల్దెరె విద్యుత్ కేంద్రం నుంచి వదిలిన నీరు బ్యూయుక్ మెండెరెస్ నదిలో కలిసి, దిగువ ఆయకట్టుకు బోరాన్ సమస్యను తెచ్చిపెట్టింది.

మన దేశానికి ఈ అనుభవం ముఖ్యమైనది. లడఖ్‌లోని పూగా లోయ ఉష్ణగుండాలతో పాటు బోరాక్స్ నిక్షేపాలకూ ప్రసిద్ధి. తెలంగాణలోని మణుగూరు పరిసరాల్లో వేడినీరు బోర్ల నుంచి తనంతట తానే ఉబికి వస్తున్నది. ఆ వేడి ఆధారంగా 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని సింగరేణి సంస్థ చేపట్టింది.

ఇటువంటి చోట్ల విస్తరణ శాస్త్రవేత్తల తొలి కర్తవ్యం నీటి పరీక్ష. విద్యుత్ వాహకత, సోడియం అధిశోషణ నిష్పత్తులతోనే సరిపెట్టక బోరాన్, ఆర్సెనిక్, ఫ్లోరైడ్‌లనూ పరీక్షించాలి. పరిమితులు దాటిన నీటిని పొలానికి మళ్లించరాదు. ఉష్ణ వినిమయ యంత్రం ద్వారా వేడిని మాత్రమే గ్రహించి, ఆ నీటిని మరొక బోరు ద్వారా తిరిగి భూగర్భానికే పంపాలి. అలా చేస్తే నేలకు హాని తప్పుతుంది, భూగర్భ జలాశయంలో పీడనమూ నిలుస్తుంది.