తేటగా ఉన్న నీరంతా మంచినీరేనా?

నీరు ప్రాణాధారమని చిన్న తరగతుల నుంచి వ్యాసాలు రాస్తూనే ఉన్నాం. మార్కులూ తెచ్చుకున్నాం. కానీ రోజూ నల్లా తిప్పి పట్టుకుంటున్న నీళ్లు ఎలాంటివని ఎప్పుడైనా అడిగామా?

మేము ఇలాంటి హాస్టళ్లలోనే పెరిగి ఇప్పుడు పీజీ చదువుతున్నవాళ్లం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చూసింది మేమే మొదలు. చదువుకున్నది నలుగురికీ ఉపయోగపడాలని మా అమ్మానాన్నలు అంటుంటారు. అందుకే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నీటి గురించి ఈ నాలుగు మాటలు.

హాస్టల్లో అందరికీ ఒకటే ట్యాంకు. ఇంట్లో నీళ్లు చెడితే నలుగురికి జబ్బు, ఇక్కడ చెడితే గదులకు గదులే మంచం పడతాయి. పరీక్షల ముందు కామెర్లో టైఫాయిడో వస్తే ఏడాది పోతుంది. మన ఇళ్లల్లో చదువు ఒకసారి ఆగితే మళ్లీ మొదలుకావడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

మరిగిస్తే పోయేది

నీటిలో కంటికి కనబడని దోషాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది సూక్ష్మక్రిములు. విరేచనాలు, కలరా, టైఫాయిడ్, కొన్ని రకాల కామెర్లు వీటివల్లనే వస్తాయి. శుద్ధి చేసిన నీటిలోకి ఇవి ఎలా వస్తాయి? మురికికాలువ పక్కగా పోయే పైపుకు పగులు ఉందనుకోండి. నీళ్లు వస్తున్నంతసేపు ఒత్తిడి వల్ల బయటి మురికి లోపలికి రాదు. సరఫరా ఆగగానే ఒత్తిడి పడిపోయి ఆ మురికినే పైపు లోపలికి లాక్కుంటుంది. ఇక మూతలేని ట్యాంకులో పావురాల రెట్ట పడితే చెప్పనక్కరలేదు.

ఈ దోషానికి మందు తేలికే. నీళ్లు బాగా తెర్లేలా ఒక నిమిషం మరిగిస్తే క్రిములు చస్తాయి. అందరికీ మరిగించడం కుదరదు కాబట్టి క్లోరిన్ కలుపుతారు. నీళ్లు కొంచెం బ్లీచింగ్ వాసన వస్తే పారబోసేవాళ్లను చూశాం. నిజానికి ఆ కొద్దిపాటి వాసన మంచి గుర్తు. నల్లా దగ్గర నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం చెబుతోంది.

మరిగించినా పోనిది

రెండోది నీటిలో కరిగిన లవణాలు. అందులో మనకు బాగా తెలిసింది ఫ్లోరైడ్. బోరునీరు భూమిలో గ్రానైటు రాళ్ల మధ్య ఏళ్ల తరబడి ఉండి వాటిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతాల్లో పండ్లమీద గోధుమరంగు మచ్చలు, వంగిన నడుములు, బిగుసుకుపోయిన కీళ్లు ఈ నీటి ఫలితమే.

లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అనుమతి ఉంది. పండ్లు తయారయ్యే చిన్న వయసులో ఎక్కువైతే ఆ మచ్చలు ఇక పోవు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది కాబట్టి మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. పటిక, సున్నంతో దీన్ని తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఆర్వో యంత్రం కూడా తగ్గిస్తుంది. అన్నిటికంటే మేలు శుద్ధి చేసిన నదినీరు. తెలంగాణలో మిషన్ భగీరథ ద్వారా 2016 నుంచి ఆ నీరు ఇవ్వడం మొదలైంది. అయితే పైపు నీళ్లు రాని రోజున అదే ట్యాంకులోకి బోరునీరు ఎక్కిస్తే పాత కథే.

టీడీఎస్ మీటరును నమ్మి మోసపోవద్దు. కరిగిన లవణాలు మొత్తం ఎన్నో అది చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో, క్రిములున్నాయో లేదో చెప్పదు.

హాస్టల్లో చేయదగినవి

1. ట్యాంకుకు మూత, నీళ్లు పొర్లిపోయే గొట్టానికి జాలీ ఉండాలి. కడిగిన తేదీ ట్యాంకుమీదే రాయించాలి.

2. వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చాలు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట తర్వాత వాడుకోవాలి. ఇది సిబ్బంది చేయాల్సిన పని, పిల్లలు ముట్టుకోకూడదు. పాతబడిన పౌడర్‌కు బలం ఉండదు కాబట్టి క్లోరిన్ పరీక్ష చేయించాలి.

3. తాగే నీళ్ల డ్రమ్ములో గ్లాసు ముంచవద్దు. అడుగున నల్లా పెట్టించాలి.

4. హెచ్‌2ఎస్ సీసా అని చిన్న పరీక్ష ఉంది. అందులో నీళ్లు పోసి ఉంచి ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుందేమో చూడాలి. అలా అయితే ఆ నీటిలో మలం కలిసిందని అనుమానించాలి.

5. ఫ్లోరైడ్ సంగతి తేలాలంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు నమూనా పంపించాలి. వచ్చిన అంకెలను నోటీసుబోర్డు మీద పెట్టమని వార్డెన్ సారును మర్యాదగా అడగాలి.

అడగడం తప్పు కాదు

1927 మార్చి 20న మహద్‌లో డాక్టర్ అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి చౌదార్ చెరువు నీళ్లు తాగింది దాహం కోసం కాదు, హక్కు కోసం. 1985 జూలైలో కారంచేడులో మనవాళ్లు తాగే చెరువును మురికి చేయవద్దని అడ్డుచెప్పడంతో గొడవ మొదలైంది. మర్నాడు జరిగిన దాడిలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. నీటి దగ్గర నోరు తెరిచినందుకు మనవాళ్లు చెల్లించిన మూల్యం అది.

ఈ రోజు మనం అడగాల్సింది ఒక పరీక్ష, ఒక కాగితం, ఒక తేదీ. ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు, అక్కలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు దండలతో పాటు ఒక పరీక్ష కిట్టు తెచ్చిస్తే అదే పెద్ద కానుక. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ట్యాంకు ఎప్పుడు కడిగారో ఈ వారమే అడగండి.