వెలివాడగా కట్టిన చదువుల నెలవు

అమెరికాలో వ్యవసాయ, సాంకేతిక విద్యకు నిధులిచ్చే మోరిల్ చట్టాన్ని 1890లో విస్తరించినప్పుడు రాష్ట్రాలకు ఒక షరతు పెట్టారు: ఉన్న కళాశాలల్లో నల్లవారిని చేర్చుకోవాలి, లేదా వారికి వేరే కళాశాల పెట్టాలి. నార్త్ కరోలినా రెండో దారి పట్టింది. అలా 1891లో పుట్టి, గ్రీన్స్‌బరోలో స్థిరపడిన ప్రభుత్వ విద్యాసంస్థే నేటి నార్త్ కరోలినా ఏ అండ్ టీ విశ్వవిద్యాలయం. నల్లవారిని దూరం పెట్టడానికి కట్టిన ఆ ఆవరణే, వెలిని ఎదిరించే తరాన్ని తయారుచేసింది.

1960 ఫిబ్రవరి 1న ఇక్కడి మొదటి సంవత్సరం విద్యార్థులు నలుగురు, బ్లెయిర్, మెకెయిన్, మెక్‌నీల్, రిచ్‌మండ్, ఊళ్లోని వూల్‌వర్త్ దుకాణానికి వెళ్లారు. టూత్‌పేస్టు లాంటి చిన్న వస్తువులు కొని రసీదు తీసుకున్నారు. తర్వాత తెల్లవారికి మాత్రమే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. అదే దుకాణంలో ఒక బల్ల దగ్గర చెల్లిన డబ్బు మరో బల్ల దగ్గర ఎందుకు చెల్లదన్నదే వారి ప్రశ్న. ఆ ఆలోచన హాస్టల్ గదుల్లో, రాత్రుళ్లు సాగిన చర్చల్లో పదునెక్కింది. మర్నాటి నుంచి తోటి విద్యార్థులు, పక్కనున్న బెన్నెట్ మహిళా కళాశాల అమ్మాయిలు వచ్చి కూర్చున్నారు. జులై 25న ఆ కౌంటర్ అందరికీ తెరుచుకుంది. నలుగురి తెగువ వెనుక ఒక విద్యార్థి లోకమే నిలబడింది.

1964 పౌరహక్కుల చట్టం వచ్చి అరవై ఏళ్లు దాటింది, అన్ని తలుపులూ తెరుచుకున్నాయి, ఇంకా నల్లవారి విశ్వవిద్యాలయమనే ఈ ప్రత్యేకత ఎందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నేడు ఇక్కడ ఏ జాతివారైనా చేరవచ్చు. కనుక దీన్ని వేర్పాటు అనలేం. పైగా సీటు దొరకడం వేరు, తనవాళ్ల మధ్య తలెత్తుకుని చదవడం వేరు. ఛాలెంజర్ వ్యోమనౌక ప్రమాదంలో అసువులు బాసిన వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నైర్ 1971లో భౌతికశాస్త్ర పట్టా పుచ్చుకున్నది ఇక్కడే. దేశంలో నల్లజాతి ఇంజినీర్లను తయారుచేయడంలో ముందున్నదీ ఈ సంస్థే. ఏటా శరదృతువులో జరిగే హోమ్‌కమింగ్ వేడుకకు పూర్వవిద్యార్థులు తరలివస్తారు. నీలం, బంగారు రంగుల బ్యాండు మోగుతుంటే పాత తరం, కొత్త తరం ఒకచోట చేరుతాయి. ఆ సందడిని కేవలం కాలక్షేపమనుకుంటే పొరపాటే. చదువుకు అండగా నిలిచే బంధుత్వం అది.

ఈ సంస్థ అంత సమర్థమైనదైతే ప్రభుత్వ నిధులు అడగకుండా తన కాళ్ల మీద తాను నిలబడవచ్చు కదా అనేది మరో వాదన. కానీ అదే రాష్ట్రంలో తెల్లవారి కోసం మొదలైన సాటి విశ్వవిద్యాలయంతో పోలిస్తే, సుమారు మూడు దశాబ్దాల్లో దీనికి 200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ అందిందని 2023లో కేంద్ర ప్రభుత్వమే గవర్నరుకు రాసింది. కాబట్టి ఇది అడుగుతున్నది దయ కాదు, బాకీ.