ప్రచురణావకాశం - సృజనప్రేరణ: గోలకొండ కవుల సంచిక ఆధారంగా ఒక పరిశీలన

కీలకపదాలు: గోలకొండ పత్రిక, సురవరం ప్రతాపరెడ్డి, వట్టికోట ఆళ్వారుస్వామి, గ్రంథమాల, ప్రచురణ, ప్రేరణ.

1. ఉపోద్ఘాతం:
సృజనాత్మక రచనకు జీవితానుభవం ముడిసరుకు. అయితే రాసినది అచ్చవుతుందన్న నమ్మకం లేనప్పుడు ఆ రచన చేతిరాత పుస్తకంలోనే మిగిలిపోతుంది. ఒక్కోసారి కాగితం మీదికే రాదు. ప్రచురణావకాశానికీ, ప్రేరణకూ ఉన్న ఈ సంబంధాన్ని ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో హైదరాబాదు సంస్థానంలోని తెలుగు రచయితల చరిత్ర స్పష్టం చేస్తుంది.

2. పాఠకుల నిర్మాణం:
సంస్థానంలో పాలనాభాష ఉర్దూ. తెలుగులో చదువుకొనే వీలు, అచ్చువేసుకొనే వీలు రెండూ పరిమితమే. ఈ స్థితిలో మొదట జరిగిన పని పాఠకులను తయారుచేయడం. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడ్డాయి. 1906లో హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా గ్రంథమండలి మొదలైంది. పుస్తకాన్ని చదివేవారు, చర్చించేవారు ఒకచోట చేరినప్పుడే కొత్త రచయితకు తన మాట వినేవారున్నారన్న ధైర్యం కలుగుతుంది.

3. గోలకొండ పత్రిక - కవుల సంచిక:
సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1926లో గోలకొండ పత్రిక వెలువడింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న వ్యాఖ్య వచ్చినప్పుడు ప్రతాపరెడ్డి ఖండన వ్యాసంతో ఊరుకోలేదు. కవుల రచనలనూ, వారి వివరాలనూ సేకరించి 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ కవులను సంచిక సృష్టించలేదు. వారు అప్పటికే రాస్తున్నారు. వారికి కొరవడినది ప్రతిభ కాదు, వేదిక. వేదిక లేకపోవడాన్ని బయటివారు కవులే లేకపోవడంగా భావించారు.

4. ప్రచురణకర్త రచయితగా మారడం:
1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. ఇతరుల రచనలను అచ్చువేసి ప్రజల్లోకి తీసుకువెళ్ళిన ఆయనే ‘ప్రజల మనిషి’ నవలనూ, జైలు అనుభవాల నుంచి ‘జైలు లోపల’ కథలనూ రాశారు. ఇతరుల పుస్తకాల కోసం పడిన శ్రమ ఆయనలోని రచయితకు అడ్డుకాలేదు. ప్రజల మధ్య తిరగడం, ఉద్యమం, నిర్బంధం ఆయన రచనలకు వస్తువులయ్యాయి. ప్రేరణ కోసం రచయిత ఏకాంతంలోనే వెతకనక్కరలేదని దీనివల్ల తెలుస్తుంది.

5. వర్తమాన అన్వయం:
1924లో మొదలైన ‘భారతి’ 1991లో ఆగిపోయింది. అనేక అచ్చుపత్రికలు మూతపడినా, 1998లో ప్రారంభమైన ‘ఈమాట’ వంటి అంతర్జాల పత్రికలు, 1990 నుంచి కథాసాహితి వెలువరిస్తున్న వార్షిక కథాసంకలనాలు కొత్త దారులు చూపాయి. ఈ అవకాశాలను వినియోగించుకోవడానికి కొత్త రచయితలు పాటించదగినవి:
అ) రచన పంపే ముందు ఆ పత్రిక సంచికలు కొన్ని చదివి దాని అభిరుచిని, నిడివి నియమాలను గ్రహించడం.
ఆ) ఒకే రచనను ఒకేసారి రెండు పత్రికలకు పంపకపోవడం, ప్రతిని భద్రపరచుకోవడం.
ఇ) రచన తిరిగివస్తే సంపాదకుల సూచనలతో దిద్దుకొని మళ్ళీ ప్రయత్నించడం.
ఈ) స్థానిక సాహితీసంస్థలతో కలిసి జిల్లా, ప్రాంతీయ సంకలనాలకు పూనుకోవడం.

6. ముగింపు:
అవకాశం ఎదురుచూస్తే రాకపోవచ్చు. రచయితలు, సంపాదకులు, పాఠకులు కలిసి దానిని నిర్మించుకోవాలి. పరిశోధకులకూ ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ఒక ప్రాంతం నుంచో, ఒక వర్గం నుంచో అచ్చయిన రచనలు కనిపించనంత మాత్రాన అక్కడ సృజన లేదని తీర్మానించరాదు. అక్కడ అచ్చుకు నోచుకోని చేతిరాత ప్రతులేమైనా ఉన్నాయేమో ముందుగా వెతకాలి. 1934 నాటి సంచిక చేసిన పని అదే.