గూగుల్‌ను ఎలా అడుగుతున్నారు?

నాన్నకు రాత్రిళ్లు అరికాళ్లలో తిమ్మిర్లు. షుగర్‌కు పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. మీరు ఫోన్ తీసి ‘కాళ్ల తిమ్మిర్లు ఎందుకు?’ అని కొడతారు. వెన్నుపూస జబ్బుల నుంచి క్యాన్సర్ దాకా అన్నీ వచ్చి పడతాయి, మధ్యమధ్యలో నూనె సీసాల ప్రకటనలు. ఆ రాత్రి నాన్నతో పాటు మీకూ నిద్ర ఉండదు.

వెతికే మాటలకు ఒకట్రెండు గుర్తులు చేర్చి చూడండి. ‘ఇదీ అదీ’, ‘ఇదో అదో’, ‘ఇది వద్దు’ అని చెప్పే వీటిని బూలియన్ ఆపరేటర్లు అంటారు. గణిత శాస్త్రవేత్త జార్జ్ బూల్ పేరు మీద వచ్చిన మాట. (వానలో తడిసి, ఆ బట్టలతోనే పాఠం చెప్పి, జబ్బుపడి 1864లో 49 ఏళ్లకే పోయారాయన.)

మందుల సమాచారం ఇంగ్లిష్‌లోనే ఎక్కువ కాబట్టి అందులోనే వెతకండి. ముందు మెట్‌ఫార్మిన్ అని రాయండి. పక్కన ‘సైడ్ ఎఫెక్ట్స్’ను డబుల్ కోట్స్‌లో పెడితే ఆ రెండు మాటలూ అదే వరుసలో ఉన్న పేజీలు వస్తాయి. తర్వాత టింగ్లింగ్, నంబ్‌నెస్ అనే మాటల మధ్య ఓఆర్ అని పెద్దక్షరాల్లో రాయండి. చిన్నక్షరాల్లో రాస్తే గూగుల్ దాన్ని గుర్తుగా తీసుకోదు. మందుల దుకాణాలే వస్తుంటే ప్రైస్ అనే మాట ముందు, ఖాళీ వదలకుండా, మైనస్ పెట్టండి. ఇది బూల్ లెక్కలోది కాదు గానీ మరోటి ఇంకా పనికొస్తుంది: సైట్ అని రాసి, కోలన్ పెట్టి, వెంటనే ఎన్ఐహెచ్ డాట్ జీవోవీ అని కొడితే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పేజీలే వస్తాయి.

ఇలా వెతికితే బీ12 విటమిన్ సంగతి కంటపడే అవకాశం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బీ12 తగ్గి, తిమ్మిర్లు రావచ్చు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా అవే తిమ్మిర్లు. తేల్చాల్సింది డాక్టరే. మీరు మాత్రం ‘బీ12 పరీక్ష చేయించాలాండీ?’ అని అడగగలుగుతారు. అంతవరకు మాత్ర ఆపకండి.

ఒక్క జాగ్రత్త. ‘కాకరరసంతో షుగర్ పూర్తిగా నయం’ అని కోట్స్‌లో పెట్టి వెతికితే, అలా రాసినవాళ్ల పేజీలే మీ ముందుకొస్తాయి. జవాబు మీరే రాసి వెతికితే గూగుల్ కాదనదు. కోట్స్‌లో మందు పేరో, జబ్బు పేరో ఉంచండి చాలు.

తిమ్మిరి హఠాత్తుగా ఒక పక్కకే వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా వెతుకుతూ కూర్చోకండి. అదే ఫోన్‌లో 108 కొట్టండి.